దేశాల వాతావరణ హామీలను తూచి చూడడం ఎలా?

వంశధార కాలువ శివారులో పొలం ఉన్న రైతుకు ఒక అలవాటు ఉంటుంది. ‘ఈ ఏడాది మేం నీళ్లు తక్కువ వాడుకుంటాం’ అని ఎగువ రైతులు మాట ఇచ్చినప్పుడు అతను వెంటనే సంబరపడడు, అలాగని ఆ మాటను కొట్టిపారేయడు. ఎంత తక్కువ, దేనికన్నా తక్కువ, ఎప్పటినుంచి, తూము దగ్గర ఎవరు కాపలా ఉంటారు, మాట తప్పితే ఏమిటి అని ఒక్కొక్కటిగా అడుగుతాడు. భూమి వేడెక్కకుండా ఆపుతామని ప్రపంచ దేశాలు ఇస్తున్న హామీలను చదవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు. వారాంతాల్లో శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులతో కూర్చుని ఈ హామీ పత్రాలను చదివే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. వారిలో చాలామంది ఉద్దానం పిల్లలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తమ కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసిన సంగతి వారికి పాఠం కాదు, ఇంట్లో జరిగిన విషయం. నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఒక తుపానును పట్టుకుని ఇది ఫలానా దేశం పొగ వల్లే వచ్చిందని చెప్పలేం కానీ, వేడెక్కిన సముద్రం తుపానులకు మరింత బలాన్ని ఇస్తుందన్నది శాస్త్రం నిర్ధారించిన విషయం. కాబట్టి ఎవరు ఎంత తగ్గిస్తామంటున్నారో, ఆ మాట న్యాయంగా ఉందో లేదో అడిగే హక్కు ఈ తీరంలో ఉన్నవారికి అందరికన్నా ముందు ఉంది. ఆ పని ఏ క్రమంలో చేయాలో కింద వివరిస్తున్నాను. కాగితం, కలం, ఫోనులో లెక్కల యంత్రం ఉంటే చాలు.

మొదట, ఆ హామీ ఎలాంటిదో తెలుసుకోండి

1997లో కుదిరిన క్యోటో ఒప్పందం ధనిక దేశాలకు పైనుంచి లక్ష్యాలు విధించింది. అమెరికా దాన్ని ఆమోదించలేదు. కెనడా ఆమోదించి, 1990 స్థాయి కన్నా 6 శాతం తగ్గిస్తామని ఒప్పుకుని, ఉద్గారాలు, అంటే గాలిలోకి వదిలే వేడి పెంచే వాయువులు, తగ్గకపోగా పెరిగిన తరువాత, 2011 డిసెంబరులో బయటకు వెళ్తున్నట్లు ప్రకటించింది. ఆ అనుభవం తరువాత 2015 డిసెంబరు 12న ప్యారిస్‌లో కుదిరిన ఒప్పందం దారి మార్చింది. ప్రతి దేశం తన లక్ష్యాన్ని తానే రాసుకుని ఐదేళ్లకొకసారి సమర్పించాలి, కొత్త హామీ పాతదానికన్నా ముందడుగు కావాలి, అది ఆ దేశం చేయగలిగినంతలో అత్యున్నత ప్రయత్నం కావాలి. ఈ హామీలనే ఎన్‌డీసీలు అంటున్నారు. హామీ సమర్పించడం తప్పనిసరి, దాన్ని నెరవేర్చడానికి చర్యలు తీసుకోవడం కూడా బాధ్యతే, కానీ అందులో రాసుకున్న అంకె చేరకపోతే శిక్ష లేదు. అమలును చూసే సంఘం ఉన్నా అది దండించేది కాదని ఒప్పందంలోనే రాసి ఉంది. 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన సలహా అభిప్రాయం మాత్రం, దేశాలు తమకు తోచినదేదో రాసి చేతులు దులుపుకోవడానికి వీల్లేదని, హామీ తయారీలోనూ అమలులోనూ గట్టి శ్రద్ధ చూపవలసిన బాధ్యత ఉందని స్పష్టం చేసింది.

హామీ పత్రాలన్నీ ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగం నిర్వహించే బహిరంగ పట్టికలో అందరికీ అందుబాటులో ఉంటాయి. పత్రికల్లో వచ్చిన శీర్షికతో మొదలుపెట్టకండి, పత్రాన్నే దించుకోండి. నాయకుడు వేదిక మీద చెప్పినదానికీ పత్రంలో రాసినదానికీ మధ్య తేడా తరచుగా కనిపిస్తుంది.

శాతాన్ని టన్నుల్లోకి మార్చండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పని, ఎక్కువ సమయం పట్టేది కూడా ఇదే. ‘46 శాతం తగ్గిస్తాం’ అన్న వాక్యంలో 46 అనే అంకెకు సొంతంగా అర్థమేమీ లేదు. ముందుగా ఆ శాతం ఏ సంవత్సరంతో పోల్చినదో వెతకండి. జపాన్ 2030 నాటికి 46 శాతం తగ్గిస్తామని చెప్పింది, కానీ 2013తో పోల్చి చెప్పింది. ఫుకుషిమా ప్రమాదం తరువాత అణు కేంద్రాలు మూతపడి, వాటి స్థానంలో బొగ్గు, గ్యాస్ ఎక్కువగా మండించిన రోజులవి, ఉద్గారాలు బాగా పెరిగి ఉన్న సంవత్సరమది. 2013లో జపాన్ ఉద్గారాలు సుమారు 140 కోట్ల టన్నులు, 1990లో సుమారు 127 కోట్ల టన్నులు. 140లో 46 శాతం తీసేస్తే దాదాపు 76 మిగులుతుంది. అదే 76ను 127తో పోల్చితే తగ్గుదల సుమారు 40 శాతమే. ఐరోపా సమాఖ్య తన 55 శాతాన్ని 1990తో పోల్చి చెబుతుంది, అమెరికా తన హామీలను తన ఉద్గారాలు శిఖరానికి చేరిన కాలానికి దగ్గరగా ఉన్న 2005తో పోల్చి చెప్పింది. ఈ మూడు శాతాలను పక్కపక్కన పెట్టి ఎవరిది పెద్దదో తేల్చడం, కుంచంతో కొలిచిన ధాన్యాన్నీ బస్తాలతో కొలిచిన ధాన్యాన్నీ అంకెలు మాత్రమే చూసి పోల్చడంతో సమానం. అన్నిటినీ ఒకే సంవత్సరానికి మార్చుకుని, 2030లోనో 2035లోనో మిగిలే టన్నులు ఎన్నో రాసుకోండి.

రష్యా ఉదాహరణ ఇంకా తేటగా ఉంటుంది. అడవులు పీల్చుకునేదాన్ని కలుపుకుని 2030 నాటికి 1990 స్థాయిలో 70 శాతానికి పరిమితం అవుతామన్నది ఆ దేశం ఇచ్చిన హామీ. అయితే సోవియట్ యూనియన్ కూలిపోయినప్పుడు కర్మాగారాలు మూతపడి ఉద్గారాలు అప్పటికే ఆ స్థాయికి కిందకు జారిపోయాయి. అంటే 30 శాతం తగ్గింపు అని చదివే వాక్యం నిజానికి పెంచుకోవడానికి ఇచ్చిన అనుమతి.

తరువాత, తగ్గేది ఏమిటో చూడండి. అది మొత్తం ఉద్గారమా, లేక ఆర్థిక వ్యవస్థలో ప్రతి రూపాయి విలువకు వెలువడే ఉద్గారమా? మన దేశం 2022 ఆగస్టులో సవరించిన హామీలో, 2005తో పోల్చి 2030 నాటికి స్థూల దేశీయోత్పత్తి ఉద్గార తీవ్రతను 45 శాతం తగ్గిస్తామని ఉంది. ఊహ కోసం ఒక లెక్క వేయండి. ఈ పాతికేళ్లలో ఆర్థిక వ్యవస్థ నాలుగు రెట్లు పెరిగిందనుకుందాం. ప్రతి రూపాయికి వెలువడే ఉద్గారం 100 నుంచి 55కు తగ్గినా, మొత్తం 4 సార్లు 55, అంటే 220 అవుతుంది. హామీ పూర్తిగా నెరవేరింది, ఉద్గారం రెట్టింపు దాటింది. ఇందులో మోసమేమీ లేదు, ఎదుగుతున్న దేశం అలా రాయడానికి కారణాలున్నాయి, వాటిని తరువాత చూద్దాం. కానీ చదివేవారు ఆ రెండింటినీ ఒకటిగా పొరబడకూడదు. చైనా కూడా 2005తో పోల్చి 65 శాతానికి పైగా తీవ్రత తగ్గింపును హామీగా ఇచ్చింది. 2035 నాటికి శిఖర స్థాయి నుంచి 7 నుంచి 10 శాతం తగ్గిస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటించడంతోనే మొదటిసారి మొత్తం ఉద్గారాల మీద నికరమైన తగ్గింపు లక్ష్యం పెట్టుకుంది. ఆ శిఖరం ఎంత ఎత్తున ఉంటుందో చెప్పకపోవడం దానిలో మిగిలిన లోటు.

విద్యుత్తు గురించి రాసినచోట ఇంకొక జాగ్రత్త అవసరం. స్థాపిత సామర్థ్యం వేరు, ఉత్పత్తి అయిన యూనిట్లు వేరు. మన దేశంలో శిలాజేతర వనరుల స్థాపిత సామర్థ్యం 2025 జూన్‌లో 50 శాతానికి చేరింది, 2030 కోసం పెట్టుకున్న గడువుకు ఐదేళ్ల ముందే. నిజంగా గర్వించదగిన పని. అయినా 2024–25లో ఉత్పత్తి అయిన యూనిట్లలో 70 శాతానికి పైగా బొగ్గు నుంచే వచ్చాయి. ఎండ రాత్రిపూట ఉండదు కదా. ఒక మెగావాట్ సౌర ఫలకాలు ఏడాదికి సుమారు 16 లక్షల యూనిట్లు ఇస్తే, ఒక మెగావాట్ బొగ్గు యంత్రం 60 లక్షల వరకు ఇస్తుంది. విద్యార్థుల్లో ఎక్కువమంది మొదటిసారి తప్పు చేసేది ఇక్కడే, అందుకే ఈ పేరా రెండుసార్లు చదవమని వారికి చెబుతుంటాను.

మిగిలిన పరిశీలనలను త్వరగా ముగించవచ్చు. హామీలో అన్ని వాయువులూ ఉన్నాయా, లేక కార్బన్ డయాక్సైడ్ ఒక్కటేనా, మీథేన్ సంగతి ఏమిటి అని చూడండి. అడవులు పీల్చుకునేదాన్ని లెక్కలో కలిపారా, కలిపితే ఎంతో వెతకండి. ఇతర దేశాల నుంచి కార్బన్ క్రెడిట్లు, అంటే అక్కడ జరిగిన తగ్గింపులను, కొని లక్ష్యం చేరుకుంటామన్నారా, అలా అంటే అమ్మిన దేశం కూడా అదే తగ్గింపును తన ఖాతాలో రాసుకుంటోందా అని అడగండి. ‘విదేశీ సాయం అందితే’ అన్న షరతు ఉంటే, షరతు లేని భాగాన్నీ ఉన్న భాగాన్నీ రెండు వరుసల్లో రాయండి. అంతర్జాతీయ విమానాల, ఓడల పొగ సాధారణంగా ఏ దేశం ఖాతాలోనూ పడదని గుర్తుంచుకోండి.

చివరగా ఆ దేశం ఇచ్చిన పాత హామీని తీసి పక్కన పెట్టండి. బ్రెజిల్ 2020 డిసెంబరులో సమర్పించిన పత్రంలో 2030కి 43 శాతం అన్న పాత అంకె చెక్కుచెదరకుండా ఉంది. కానీ పోలికకు తీసుకున్న 2005 నాటి ఉద్గారాల లెక్కను ఈలోగా పైకి సవరించారు. శాతం అదే ఉండి పునాది పెరిగితే, మిగిలే టన్నులు పెరుగుతాయి. ముందడుగు కావలసిన పత్రం వెనకడుగు వేసింది. దేశంలోనూ బయటా విమర్శలు వచ్చాక 2023లో దాన్ని సరిదిద్దారు. టన్నులు లెక్కగట్టినవారు ఉండబట్టే ఆ తేడా బయటపడింది.

న్యాయాన్ని కొలిచే ముందు కొలతను ఎంచుకోండి

ఊళ్లో చెరువు పూడిక తీయాలన్నా, అమ్మవారి సంబరం చేయాలన్నా చందా దగ్గర వాదన మొదలవుతుంది. ఇంటికింత అని ఒకరు, తలకింత అని ఒకరు, ఎకరాకింత అని ఒకరు అంటారు. ఎవరికి ఏది లాభమో వారు అదే న్యాయం అంటారు. దేశాల మధ్య జరుగుతున్నది సరిగ్గా ఇదే. 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం ‘బాధ్యత అందరిదీ, కానీ ఒకే మోతాదులో కాదు, ఎవరి శక్తి మేరకు వారిది’ అనే సూత్రాన్ని అంగీకరించింది గానీ, మోతాదును ఎలా కొలవాలో చెప్పలేదు. అందుకే ప్రతి దేశమూ తన పత్రంలో ‘మా హామీ న్యాయమైనది’ అని ఒక పేరా రాసి, తనకు అనుకూలమైన కొలతను చూపిస్తుంది.

మీరు కనీసం నాలుగు కొలతలతో ఒకే దేశాన్ని తూచండి. మొదటిది ఏటా వెలువడే మొత్తం. దీనిలో చైనా అందరికన్నా ముందుంది, ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సుమారు 30 శాతం అక్కడివే. రెండవది తలసరి. అమెరికాలో ఒక్కొక్కరికి ఏడాదికి సుమారు 14 టన్నులు, చైనాలో 8, భారతదేశంలో 2. చైనా తలసరి ఇప్పుడు ఐరోపా సమాఖ్య సగటును దాటిపోయింది కాబట్టి, పాతికేళ్ల కిందటి వాదనలను ఆ దేశం విషయంలో యథాతథంగా చెప్పడం సరికాదు. మూడవది చరిత్ర. పారిశ్రామిక విప్లవం నుంచి ఇప్పటివరకు శిలాజ ఇంధనాల వల్ల గాలిలో చేరిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు అమెరికాది, భారతదేశం వాటా 3 నుంచి 4 శాతం. అడవుల నరికివేతను కూడా కలిపితే బ్రెజిల్, ఇండోనేషియా వంటి దేశాల వాటా పెరుగుతుంది, అందుకే చరిత్ర లెక్క చెప్పినప్పుడల్లా అడవులు కలిపారో లేదో రాయండి. నాలుగవది శక్తి. తలసరి ఆదాయం ఎంత, ఇంకా దారిద్ర్యంలో ఉన్నవారు ఎందరు, కొత్త సాంకేతికతను కొనగలరా లేదా అన్నది.

ఐదవ కొలత ఒకటి ఉంది కానీ దానికి సమాచారం సంపాదించడం కొంచెం కష్టం. చైనాలో తయారైన ఫ్రిజ్‌ను లండన్‌లో వాడుకుంటే ఆ ఉక్కు కరిగించిన పొగ ఎవరిది? ప్రస్తుత నియమాల ప్రకారం తయారైన చోటిది. వాడుకున్న చోటికి మార్చి లెక్కిస్తే బ్రిటన్ వంటి దేశాల అంకె గణనీయంగా పెరుగుతుంది, చైనాది కొంత తగ్గుతుంది. దొరికితే ఈ అంకెను పక్కన రాసుకోండి.

ఇప్పుడు అన్నిటికన్నా కళ్లు తెరిపించే లెక్క. పారిశ్రామిక విప్లవానికి ముందు కాలంతో పోల్చి ఉష్ణోగ్రత పెరుగుదలను 1.5 డిగ్రీల వద్ద ఆపడానికి సగానికి సగం అవకాశం ఉండాలంటే, 2020 ఆరంభం నుంచి ప్రపంచం మొత్తం ఇంకా విడుదల చేయగలిగిన కార్బన్ డయాక్సైడ్ 50,000 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం ఐపీసీసీ శాస్త్రవేత్తలు అంచనా వేశారు. మనుషులు ఏటా విడుదల చేస్తున్నది సుమారు 4,000 కోట్ల టన్నులు. అంటే అప్పటినుంచి పన్నెండున్నర ఏళ్లకు సరిపోయే నిల్వ, అందులో చాలా భాగం ఇప్పటికే ఖర్చయింది. ఆ 50,000 కోట్లను 800 కోట్ల మంది జనాభాకు సమానంగా పంచండి. తలకు సుమారు 62 టన్నులు వస్తాయి, జీవితాంతానికి. ఏటా 14 టన్నులు ఖర్చు చేసే అమెరికా పౌరుడి వాటా నాలుగున్నర ఏళ్లలోపే అయిపోతుంది. చైనా పౌరుడిది ఎనిమిదేళ్లలోపు. ఏటా 2 టన్నుల వారికి ముప్పై ఏళ్లు దాటి వస్తుంది. చరిత్ర ఊసెత్తకుండా, గతమంతా మాఫీ చేసి పంచితేనే ఇలా ఉంది. కాలువ మొదట్లో ఉన్నవారు నాట్లు వేసి, కలుపు తీసి, కోతకు వచ్చేసరికి శివారు మడికి తడి అందని సంవత్సరాలు చూసినవారికి ఈ లెక్కను ఇంతకన్నా వివరించనక్కర్లేదు.

అయితే ఈ దశలో ఒక కఠినమైన నియమం పాటించండి. ఫలితం చూడకముందే కొలతను నిర్ణయించుకుని కాగితం పైన రాసుకోండి, ఆ కొలతనే అన్ని దేశాలకూ వాడండి. ప్రతి దేశమూ తనకు లాభమైన కొలతతో తన వాటాను తేల్చుకుంటే, ప్రతి పత్రమూ విడివిడిగా న్యాయంగా కనిపిస్తుంది, అన్నీ కలిపితే మాత్రం నిల్వకు మించిపోతాయి. ఇంటికింత అన్నవాడు ఇంటికింత, ఎకరాకింత అన్నవాడు ఎకరాకింత అంటూ ఎవరికి తోచినట్లు వారు ఇచ్చిన చందాతో చెరువు పూడిక ఎప్పటికీ పూర్తి కాదు. హామీల న్యాయాన్ని చూడడంలో నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క విషయం మీదే.

న్యాయం తేలాక, పని జరుగుతుందా అని విడిగా అడగండి

న్యాయమైన హామీ అంతా ఫలితమిచ్చేది కాదు, ఫలితమిచ్చేదంతా న్యాయమైనదీ కాదు. తలసరి ఉద్గారం దాదాపు సున్నా ఉన్న చిన్న పేద దేశం ఎంత గొప్ప హామీ ఇచ్చినా భూతాపం మీద దాని ప్రభావం స్వల్పం. ఒక పెద్ద దేశం తన న్యాయమైన వాటాలో సగమే చేసినా ఫలితం పెద్దగా ఉండవచ్చు. అందుకే ఈ రెండు తీర్పులనూ ఒకే మార్కుగా కలపకండి.

ఫలితాన్ని రెండు స్థాయిల్లో చూడాలి. మొదటిది, అన్ని హామీలూ కలిపితే సరిపోతాయా అన్నది. ఈ లెక్క మీరు సొంతంగా వేయనక్కర్లేదు, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఏటా ఉద్గారాల అంతరంపై నివేదిక ప్రచురిస్తుంది. 2025 నివేదిక ప్రకారం, ఇచ్చిన హామీలన్నీ పూర్తిగా నెరవేరితే ఈ శతాబ్దం చివరికి పెరుగుదల 2.3 నుంచి 2.5 డిగ్రీలు, ఇప్పుడు అమల్లో ఉన్న విధానాలే కొనసాగితే 2.8 డిగ్రీలు. ప్యారిస్ ఒప్పందం నాటికి ఈ అంచనా 3 నుంచి 3.5 డిగ్రీల మధ్య ఉండేది. స్వచ్ఛంద హామీల వల్ల ఏమీ జరగలేదనేవారికీ, అంతా చక్కబడుతోందనేవారికీ ఈ అంకెలే సమాధానం. హామీలు నెరవేరితే వచ్చే అంకెకూ, ఇప్పటి విధానాలతో వచ్చే అంకెకూ మధ్య ఉన్న తేడా, అంటే మాటకూ చేతకూ మధ్య దూరం, మీ కాగితంలో తప్పక ఉండాలి.

రెండవ స్థాయి ఒక్కొక్క దేశానిది. ఆ హామీ వెనుక చట్టం ఉందా? బ్రిటన్‌లో 2008 నుంచి వాతావరణ మార్పు చట్టం ఉంది, ఐదేళ్లకొక ఉద్గార పరిమితిని పార్లమెంటు ఆమోదిస్తుంది, ప్రభుత్వాన్ని ప్రశ్నించే స్వతంత్ర సంఘం ఉంది. న్యాయస్థానాలు జోక్యం చేసుకోగలవా? నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు 2019 డిసెంబరులో, 2020 నాటికి కనీసం 25 శాతం తగ్గించి తీరాలని సొంత ప్రభుత్వాన్నే ఆదేశించింది. ప్రభుత్వం మారితే హామీ నిలుస్తుందా? అమెరికా 2020 నవంబరు 4న ప్యారిస్ ఒప్పందం నుంచి బయటకు వెళ్లింది, 2021 ఫిబ్రవరిలో తిరిగి చేరింది, 2024 డిసెంబరులో 2035 నాటికి 61 నుంచి 66 శాతం తగ్గిస్తామని పత్రం ఇచ్చింది, నెల తిరగగానే 2025 జనవరి 20న మళ్లీ వైదొలగే ఉత్తర్వుపై కొత్త అధ్యక్షుడు సంతకం చేశారు. ఆ పత్రంలోని అంకె ఎంత పెద్దదైనా దానికి ఇవ్వవలసిన విలువను ఈ తేదీల వరుస చెబుతుంది.

అన్నిటికన్నా నమ్మదగిన ఆధారం మాత్రం నేల మీద కడుతున్నది. పత్రం ఏమన్నా, కొత్తగా ఎన్ని బొగ్గు కేంద్రాలకు అనుమతులిచ్చారు, ఎన్ని గనులు తెరిచారు, శిలాజ ఇంధనాలకు ఎంత రాయితీ ఇస్తున్నారు, సరఫరా లైన్లకూ నిల్వ బ్యాటరీలకూ బడ్జెట్‌లో ఎంత పెట్టారు అని చూడండి. ఒక బొగ్గు కేంద్రం కడితే అది మూడు నాలుగు దశాబ్దాల పొగకు ఒప్పందం వంటిది. ఈ సంగతిలో శ్రీకాకుళం జిల్లాకు తన సొంత చరిత్ర ఉంది. సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు ఉద్యమించినప్పుడు 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు మరణించారు. ఆ కేంద్రం కట్టలేదు. వారు పోరాడింది నీటి కోసం, చేపల కోసం, వరి మడి కోసం. ఆనాడు దేశం ఇచ్చిన ఏ హామీ పత్రమూ వారి చేతిలో లేదు. అయినా ఆ చిత్తడి నేల మీద వెలువడకుండా ఆగిన పొగ ఏ దేశ నివేదికలోనూ విడిగా ఒక వరుసగా కనిపించదు. హామీల అమలు ఎవరి భూమి మీద, ఎవరి ఖర్చుతో జరుగుతోంది అనే ప్రశ్నను మీ పరిశీలనలో చేర్చమని కోరడానికి నాకున్న కారణం ఇదే. రేపు సౌర ఫలకాల కోసం భూమి సేకరించినా ఈ ప్రశ్న మారదు.

డబ్బు లెక్క మరువకండి

పేద దేశాల హామీల్లో చాలా వాటికి సాయం అందాలన్న షరతు ఉంటుంది కాబట్టి, ధనిక దేశాల హామీని తూచేటప్పుడు వారు తగ్గించే టన్నులతోపాటు వారు ఇచ్చే డబ్బునూ తూచాలి. 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సులో మాట ఇచ్చారు. ధనిక దేశాల సంస్థ ఓఈసీడీ లెక్క ప్రకారమే ఆ మొత్తం మొదటిసారి అందింది 2022లో, అదీ చాలా భాగం రుణాల రూపంలో. తిరిగి కట్టవలసిన అప్పును సాయం ఖాతాలో పూర్తిగా రాయడం న్యాయమా అన్నది అప్పు తెచ్చి సాగు చేసిన ఏ కుటుంబమైనా చెప్పగలదు. 2024లో బాకూ సదస్సులో కొత్త లక్ష్యంగా 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు అన్నారు. అభివృద్ధి చెందుతున్న దేశాలు అడిగింది 1,30,000 కోట్లు. భారత ప్రతినిధి ఆ సదస్సులోనే తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. మీ కాగితంలో గ్రాంటు ఎంత, రుణం ఎంత అని రెండు గడులు పెట్టండి, గ్రాంటు గడిని ముందు చూడండి.

మన దేశాన్నీ అదే త్రాసులో పెట్టండి

ఇది చాలామంది దాటవేసే మెట్టు. తలసరి కొలతలోనూ, చరిత్ర కొలతలోనూ, శక్తి కొలతలోనూ భారతదేశం తన న్యాయమైన వాటాకు లోబడే ఉంది. ప్రపంచ జనాభాలో ఆరో వంతుకు పైగా ఉన్న దేశం చారిత్రక ఉద్గారాల్లో 3, 4 శాతమే అన్నది కాదనలేని వాస్తవం, దాన్ని గట్టిగా చెప్పాలి. అయితే హామీ న్యాయంగా ఉండడం వేరు, అది అత్యున్నత ప్రయత్నం కావడం వేరు. 2005, 2020 మధ్యనే ఉద్గార తీవ్రత 36 శాతం తగ్గిందని మన ప్రభుత్వమే ఐక్యరాజ్యసమితికి నివేదించింది. 2030కి 45 శాతం లక్ష్యమంటే మిగిలిన పదేళ్లకు మిగిలింది 2005 స్థాయిలో మరో 9 శాతమే. 2030కి మొదట పెట్టుకున్న 40 శాతం శిలాజేతర విద్యుత్ సామర్థ్యాన్ని 2021లోనే, తరువాత పెట్టుకున్న 50 శాతాన్ని 2025లోనే చేరుకున్నాం. గడువుకన్నా ముందే చేరినప్పుడు రెండు ప్రశ్నలు వస్తాయి. బాగా పని చేశామా, లేక చేరగలిగినంత దగ్గరలోనే గీత గీసుకున్నామా? నా అభిప్రాయంలో రెండూ నిజమే.

తలసరి 2 టన్నులు అన్న సగటును కూడా విప్పి చూడండి. పలాసలో జీడిపిక్కలు కొట్టే మహిళ ఇంట్లో వెలిగే రెండు బల్బుల ఉద్గారమూ, నగరంలో నాలుగు ఏసీలు, రెండు కార్లు ఉన్న ఇంటి ఉద్గారమూ ఒకే సగటులో దాగి ఉన్నాయి. దేశాల మధ్య మనం అడుగుతున్న న్యాయాన్నే దేశం లోపల అడగకపోతే, ఆ మహిళ పేదరికాన్ని చూపించి ఇంకెవరో తమ పొగను కాపాడుకున్నట్లు అవుతుంది. పత్రంలో తీరప్రాంత రక్షణకు, తుపాను ఆశ్రయాలకు, వేడికి తట్టుకునే పంటలకు ఏం రాశారో కూడా చూడండి. శ్రీకాకుళం వంటి జిల్లాకు తగ్గింపు అంకె కన్నా ఆ పేజీలే రేపటి రోజున ఎక్కువ అవసరమవుతాయి.

తీర్పును ఒక పేజీలో రాయండి

దేశం పేరు కింద ఈ క్రమంలో రాసుకోండి. పోలిక సంవత్సరం, లక్ష్య సంవత్సరంలో మిగిలే టన్నులు, అది తలకు ఎన్ని టన్నులు, పాత హామీ కన్నా ముందుకా వెనక్కా. తరువాత మీరు ముందే ఎంచుకున్న కొలతల ప్రకారం న్యాయమైనదా కాదా అన్నది కొలతకొక వాక్యంగా రాయండి, నాలుగు కొలతలు నాలుగు రకాలుగా తీర్పునిస్తే ఆ తేడాను దాచకుండా అలాగే ఉంచండి. ఆ తరువాత చట్టం, డబ్బు, నేల మీద కడుతున్నవి. చివరగా మీ అభిప్రాయం, అది అభిప్రాయమని తెలిసేలా. పక్కనే తేదీ వేయండి.

ఆ పేజీని పారేయకండి. దేశాలు ఎంతవరకు వచ్చాయో అందరూ కలిసి చూసుకునే ప్రపంచ సమీక్ష మొదటిది 2023లో దుబాయ్‌లో ముగిసింది, రెండవది 2028లో జరగవలసి ఉంది, 2030లో మళ్లీ కొత్త హామీలు రావాలి. ఆనాడు ఆ దేశం ‘మేం చెప్పింది ఇది కాదు’ అంటే, చెప్పిందేమిటో మీ దగ్గర టన్నుల్లో, తేదీతో సహా ఉంటుంది.